తెర మీద ఎనభై, చిప్ లోపల ఎంత? ఓవర్‌క్లాకింగ్‌లో ఉష్ణోగ్రత అంకెలను చదవడం

హైదరాబాద్‌లో డిసెంబరు నెలలో ఓవర్‌క్లాక్ చేసిన కంప్యూటరు ఏప్రిల్ చివరికి మొరాయించడం మొదలుపెడితే, నింద సాధారణంగా మూడింటిలో ఒకదాని మీద పడుతుంది. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయిందంటారు, కూలర్ నాసిరకమంటారు, లేదా ఉష్ణోగ్రత చూపించే సాఫ్ట్‌వేర్ అబద్ధం చెబుతోందంటారు. వీటిలో ఏదైనా నిజం కావచ్చు. అయితే పేస్ట్ తుడవకముందు, కొత్త కూలర్ కొనకముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: తెర మీద కనబడే ఆ ఉష్ణోగ్రత అంకె ఎక్కడ పుడుతుంది, దాన్ని ఏ మేరకు నమ్మవచ్చు? ఆ అంకెను గోడకు తగిలించిన థర్మామీటరును చదివినట్టు చదివితే పొరబడతాము. చిప్‌కు విధించిన గరిష్ఠ పరిమితికి ఇంకా ఎంత దూరంలో ఉన్నామో తెలిపే కొలతగా చదివితే మాత్రం అది చాలావరకు నమ్మదగినదే. ఈ తేడా ఎందుకు వస్తుందో, మన ఊరి ఎండల్లో దాని ప్రభావం ఎంతో చూద్దాం.

వేగం కొంచెం, వేడి ఎక్కువ

ప్రాసెసర్‌ను తయారీ సంస్థ నిర్దేశించిన వేగానికి మించి నడపడమే ఓవర్‌క్లాకింగ్. 1998లో ఇంటెల్ విడుదల చేసిన సెలరాన్ 300ఏ అనే చవక ప్రాసెసర్‌ను, బస్ (ప్రాసెసర్‌ను మిగతా యంత్రంతో కలిపే దారి) వేగాన్ని 66 మెగాహెర్ట్జ్ నుంచి 100కు మార్చి, చాలామంది 450 మెగాహెర్ట్జ్ దగ్గర నడిపేవారు. తక్కువ డబ్బుతో ఖరీదైన ప్రాసెసర్ పనితనం చేతికందేది. 2011లో వచ్చిన శాండీ బ్రిడ్జ్ తరం నుంచి ఇంటెల్ ఈ వెసులుబాటును ప్రధానంగా పేరు చివర ‘కె’ అక్షరం ఉన్న ప్రాసెసర్లకు పరిమితం చేసింది. దాని పోటీదారైన ఏఎండీ సంస్థ రైజెన్ ప్రాసెసర్లలో చాలావాటికి ఆ పరిమితి లేదు.

చిక్కు వోల్టేజీ దగ్గర మొదలవుతుంది. ట్రాన్సిస్టర్లు మరింత త్వరగా స్థితి మారాలంటే వాటికి ఎక్కువ వోల్టేజీ ఇవ్వాలి. అలా స్థితి మారడంలో ఖర్చయ్యే విద్యుత్తు క్లాక్ వేగానికి అనులోమంగా పెరుగుతుంది, వోల్టేజీకి మాత్రం దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర 1.20 వోల్టులతో 150 వాట్లు తీసుకునే ప్రాసెసర్ ఒకటుందని, దాన్ని 5 గిగాహెర్ట్జ్ దాకా తీసుకువెళ్లడానికి 1.35 వోల్టులు అవసరమైందని అనుకుందాం. వేగంలో దక్కిన లాభం 11 శాతం. విద్యుత్తు మాత్రం దాదాపు 40 శాతం పెరిగి 210 వాట్లకు చేరుతుంది. ట్రాన్సిస్టర్లు ఖాళీగా ఉన్నప్పుడు కూడా వాటి గుండా కారిపోయే లీకేజీ కరెంటు వేడితో పాటు పెరుగుతుంది కాబట్టి, అసలు ఖర్చు ఈ లెక్కకన్నా కొంత ఎక్కువే ఉంటుంది. ఈ 150, 210 అంకెలు ఎండాకాలం లెక్కలో మళ్లీ అవసరమవుతాయి.

సెన్సర్ ఏమి కొలుస్తుంది

ప్రాసెసర్ లోపల పాదరసం లేదు. ఉన్నది డయోడ్‌లా (కరెంటును ఒకవైపుకే పోనిచ్చే భాగంలా) పనిచేసే ఒక చిన్న సిలికాన్ నిర్మాణం. దాని గుండా స్థిరమైన కరెంటును పంపితే దాని మీద ఏర్పడే వోల్టేజీ, వేడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. డయోడ్‌కూ డయోడ్‌కూ తేడాలుంటాయి కనుక, ఒకే డయోడ్ గుండా రెండు వేర్వేరు కరెంట్లను పంపి, ఆ రెండు వోల్టేజీల మధ్య తేడాను కొలవడం మెరుగైన పద్ధతి. ఆ తేడా పరమ ఉష్ణోగ్రతకు నేరుగా అనులోమంగా ఉంటుంది. రెండో కరెంటు మొదటిదానికి పది రెట్లయితే, డిగ్రీకి వచ్చే మార్పు సుమారు 0.2 మిల్లీవోల్టులు. ఇంత సూక్ష్మమైన మార్పును, పక్కనే కోట్ల కొద్దీ ట్రాన్సిస్టర్లు సెకనుకు వందల కోట్ల సార్లు మారుతూ రేపే విద్యుత్ రొద మధ్య పట్టుకుని, అంకెగా మార్చి, కర్మాగారంలో ఆ చిప్‌కు ప్రత్యేకంగా నిర్ణయించిన సవరణను దానికి జోడించి బయటికి పంపాలి.

ఆ సవరణే అసలు విషయం. సెన్సర్‌ను అన్ని ఉష్ణోగ్రతల దగ్గరా సమానంగా సరిచేయాలంటే పరీక్షకు సమయం, ఖర్చు పెరుగుతాయి. తయారీ సంస్థకు ఆ అవసరం లేదు, ఎందుకంటే ఈ సెన్సర్‌ను పెట్టింది యజమానికి ఉష్ణోగ్రత చెప్పడం కోసం కాదు. చిప్ ప్రమాదకరంగా వేడెక్కినప్పుడు వేగాన్ని తగ్గించడానికి, అప్పటికీ ఆగకపోతే యంత్రాన్ని ఆపివేయడానికి. అందువల్ల గరిష్ఠ పరిమితి దగ్గర అది బాగా నికార్సుగా ఉంటుంది. అక్కడి నుంచి కిందికి దిగేకొద్దీ తప్పు పెరుగుతూ పోతుంది. కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడు ఒక కోర్ (చిప్‌లో విడిగా లెక్కలు చేసే భాగం) 36 అని, పక్క కోర్ 43 అని చూపితే ఆ ఏడు డిగ్రీలకు అర్థం వెతకనవసరం లేదు. అవే రెండు కోర్లు పూర్తి భారం కింద 88, 95 చూపితే మాత్రం తేడా నిజమైనదే అయి ఉండే అవకాశం ఎక్కువ, అప్పుడు కూలర్ సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి.

ఇంటెల్ ప్రాసెసర్లలో ఈ కొలతను దాచి ఉంచే చిన్న గడి, అంటే రిజిస్టరు, అసలు ఉష్ణోగ్రతను ఇవ్వదు కూడా. టీజే మ్యాక్స్ అని పిలిచే గరిష్ఠ పరిమితికి ఇంకా ఎన్ని డిగ్రీల దూరం ఉందో పూర్ణాంకంగా ఇస్తుంది. పరిమితి 100 అయి, రిజిస్టరు 20 అని చెబితే, సాఫ్ట్‌వేర్ వందలోంచి ఇరవై తీసివేసి మనకు 80 అని చూపుతుంది. హైదరాబాద్‌వాసులకు ఈ పద్ధతి కొత్తది కాదు. వానాకాలంలో ఉస్మాన్‌సాగర్ లోతు ఎంతని ఎవరూ అడగరు. పూర్తి నీటిమట్టమైన 1,790 అడుగులకు ఇంకా ఎన్ని అడుగులు తక్కువ ఉందని అడుగుతారు, గేట్లు ఎత్తే నిర్ణయం ఆ దూరం మీదే ఆధారపడుతుంది కనుక.

ఇక్కడే సాఫ్ట్‌వేర్ తప్పు చేయడానికి మొదటి సందు దొరుకుతుంది. కోర్ 2 తరం రోజుల్లో డెస్క్‌టాప్ చిప్‌ల టీజే మ్యాక్స్ ఎంతో ఇంటెల్ మొదట ప్రకటించలేదు. ఇ8400 వంటి 45 నానోమీటర్ల చిప్‌కు అది 95 అని కొందరు, 105 అని కొందరు ఊహించి సాఫ్ట్‌వేర్లు రాశారు. ఫలితంగా ఒకే కంప్యూటరులో రెండు ప్రోగ్రాములు పది డిగ్రీల తేడాతో రెండు ఉష్ణోగ్రతలు చూపేవి. రిజిస్టరులోని అంకె మాత్రం రెండింటికీ ఒకటే. చివరికి 2008లో ఇంటెల్ ఆ విలువలను వెల్లడించింది. ఇ8400కు అది 100. అదే ఏడాది వచ్చిన నెహాలెం తరం నుంచి టీజే మ్యాక్స్‌ను చిప్ నుంచే చదివే వీలు కలిగింది కాబట్టి ఊహల అవసరం తగ్గింది. కొత్త ప్రాసెసర్‌ను గుర్తించలేని పాత ప్రోగ్రాముకు ఈ జబ్బు ఇప్పటికీ రావచ్చు. అందుకే ప్రాసెసర్ మార్చినప్పుడు సాఫ్ట్‌వేర్‌ను కూడా కొత్త వెర్షనుకు మార్చాలి.

ఏఎండీ కథ ఇంకో రకం. 2017 మార్చిలో వచ్చిన రైజెన్ 7 1700ఎక్స్, 1800ఎక్స్ ప్రాసెసర్లు తమ ఉష్ణోగ్రతను ఉన్నదానికంటే 20 డిగ్రీలు ఎక్కువగా చెప్పేవి, అదీ కావాలనే. వేర్వేరు ప్రాసెసర్లకు ఫ్యాన్ల వేగాన్ని ఒకే విధానంతో నియంత్రించడం కోసం ఆ సంస్థ ‘టీ కంట్రోల్’ అనే విలువకు కొన్ని మోడళ్లలో ఈ అదనపు అంకెను కలిపింది. అదే కుటుంబంలోని 1700కు ఆ కలుపు లేదు. తర్వాతి ఏడాది 2700ఎక్స్‌కు అది 10 డిగ్రీలు, తొలితరం థ్రెడ్‌రిప్పర్లకు 27 డిగ్రీలు. ఈ సంగతి తెలియని ప్రోగ్రాము 60 డిగ్రీల చిప్‌ను 80గా చూపి యజమానిని బెదరగొట్టేది. అంతకుముందు తరమైన ఎఫ్ఎక్స్ ప్రాసెసర్లది దీనికి విరుద్ధమైన లోపం: ఖాళీగా ఉన్నప్పుడు అవి గదిలోని గాలికన్నా చల్లగా ఉన్నట్టు చెప్పేవి. ఫ్యాన్‌తో చల్లబరిచే వస్తువు గదికన్నా చల్లగా ఉండడం అసాధ్యం. ఏఎండీ సొంత ఓవర్‌డ్రైవ్ ప్రోగ్రాము చివరికి ఉష్ణోగ్రతను వదిలేసి, పరిమితికి మిగిలిన దూరాన్ని చూపడం మొదలుపెట్టింది. అది నిజాయితీగల పని అని నా అభిప్రాయం. మిగతా ప్రోగ్రాములు కూడా అదే దారి పట్టి ఉంటే ఇంత గందరగోళం ఉండేది కాదు.

మదర్‌బోర్డు మీది సెన్సర్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పర్యవేక్షక ప్రోగ్రాములలో ఏ పేరూ లేని వరుసలో 127 డిగ్రీలు కనబడితే అది మంట కాదు. సెన్సరే తగిలించని ఖాళీ ఇన్‌పుట్. గుర్తుతో కూడిన ఎనిమిది బిట్ల సంఖ్యలో పట్టే గరిష్ఠ విలువ 127, అంతకుమించి దానికి అర్థం లేదు.

చేయి పెట్టి చూస్తే తెలుస్తుందా

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ దుకాణాల సముదాయంలో గానీ మరెక్కడైనా గానీ కంప్యూటర్లు అమర్చే చోట తరచూ వినబడే వాదన ఒకటుంది: “హీట్‌సింక్ ముట్టుకుంటే గోరువెచ్చగా కూడా లేదు, ఇది 85 ఎట్లా అవుతది? సెన్సర్ ఖరాబయింది.” వాదన సహజంగానే అనిపిస్తుంది, కానీ ఇక్కడ సాధారణంగా సెన్సరే రైటు.

వేడి సిలికాన్‌లో పుట్టి, దాని మీది టంకం లేదా పేస్ట్ గుండా లోహపు మూతకు, అక్కడి నుంచి మనం పూసే థర్మల్ పేస్ట్ గుండా కూలర్ అడుగుకు, గొట్టాల గుండా హీట్‌సింక్ పలుచని రెక్కలకు, చివరికి గాలికి చేరుతుంది. ప్రతి మెట్టు దగ్గరా కొన్ని డిగ్రీలు మిగిలిపోతాయి. రైజెన్ 7 5800ఎక్స్‌లో ఎనిమిది కోర్లూ సుమారు 80 చదరపు మిల్లీమీటర్ల ఒకే చిప్లెట్‌లో (చిన్న సిలికాన్ ముక్కలో) ఉంటాయి; ప్రాసెసర్ మొత్తానికి అనుమతించిన 142 వాట్లలో అధిక భాగం ఆ గోరంత చోటు నుంచే బయటికి రావాలి. అంత ఇరుకు దారిలో సిలికాన్ 85 డిగ్రీల దగ్గర ఉండగా, విశాలమైన రెక్కలు 45 దగ్గర ఉండడంలో వింత లేదు. 2012 నాటి ఐవీ బ్రిడ్జ్ ప్రాసెసర్లలో ఇంటెల్ మూత కింద టంకానికి బదులు పేస్ట్ వాడడంతో ఈ అంతరం మరింత పెరిగింది. కొందరు ఆ మూతను ఊడదీసి మెరుగైన పదార్థం పూసుకునేవారు. 2018లో కోర్ ఐ9 9900కె వంటివాటితో టంకం తిరిగి వచ్చింది. రెక్కలు చల్లగా ఉండి చిప్ వేడిగా ఉంటే అనుమానించవలసింది మధ్యలోని మెట్లను: పేస్ట్‌ను, కూలర్ బిగింపును, అడుగున ఒలవకుండా వదిలేసిన ప్లాస్టిక్ పొరను.

కరోనా కాలంలో ప్రతి దుకాణం గుమ్మం దగ్గరా కనబడిన ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్లతో కూలర్‌ను కొలవాలనుకునేవారు కూడా ఉన్నారు. నుదుటి కోసం చేసిన పరికరం పరిధి చాలా చిన్నది. పారిశ్రామిక రకమే తెచ్చినా, మెరిసే అల్యూమినియం, నికెల్ పూతలు తమ వేడిని తక్కువగా ప్రసరించి చుట్టుపక్కల వస్తువుల వేడిని ప్రతిబింబిస్తాయి. తెర మీద కనబడేది చాలావరకు గోడ ఉష్ణోగ్రత. ఆ చోట నల్లని టేపు ముక్క అంటించి కొలిస్తే కొంత నయం.

నిజంగా సరిపోల్చుకోవాలంటే థర్మోకపుల్ తీగ (కొన దగ్గరి వేడిని కొలిచే తీగ) ఉన్న మల్టీమీటరు కావాలి. కోఠిలో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే గల్లీల్లో అది దొరుకుతుంది. దాన్నయినా ముందు పరీక్షించుకోవాలి. దంచిన మంచు, నీరు కలిపిన గ్లాసులో అది సున్నా చూపాలి. మరుగుతున్న నీటిలో 100 చూపితే మాత్రం సంతోషించకూడదు: హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఇలా సరిచూసిన తీగను కూడా సిలికాన్ దాకా తీసుకెళ్లలేము. దానితో కొలవగలిగేది కూలర్ అడుగు పక్కభాగాన్ని, అంతకన్నా ముఖ్యంగా, ఫ్యాన్ లోపలికి పీల్చుకునే గాలిని.

ఎవరూ రాసుకోని అంకె

ఆ గాలి ఉష్ణోగ్రతే ఈ మొత్తం లెక్కలో అందరూ వదిలేసేది. కూలర్ చిప్‌ను ఒక నిర్ణీత ఉష్ణోగ్రతకు తీసుకురాదు. వచ్చే గాలికన్నా ఇన్ని డిగ్రీలు ఎక్కువ దగ్గర నిలబెడుతుంది, ఆ ‘ఇన్ని’ వాట్లకు అనులోమంగా ఉంటుంది. పైన చెప్పుకున్న ప్రాసెసరే 150 వాట్ల దగ్గర, 32 డిగ్రీల గాలిలో 80 చూపిందనుకుందాం. పెరుగుదల 48 డిగ్రీలు, అంటే వాటుకు 0.32 డిగ్రీ. ఓవర్‌క్లాక్ చేసిన తర్వాత 210 వాట్లకు ఇది 67 డిగ్రీలవుతుంది. డిసెంబరు రాత్రి గది 20 దగ్గర ఉంటే చిప్ 87 దగ్గర ఆగుతుంది. యజమాని తృప్తిపడి సెట్టింగును భద్రపరుస్తాడు. మే నెలలో మధ్యాహ్నం మూడు గంటలకు, స్లాబు కాగి ఉన్న పై అంతస్తు గదిలో గాలి 38 ఉంటే అదే చిప్ 105కు చేరాలి. పరిమితి 100 కాబట్టి చేరదు. మధ్యలోనే వేగం తగ్గించుకుంటుంది. ఏసీ వేసి గదిని 24కు తెస్తే 91. ఓవర్‌క్లాక్ చేయకుండా 150 వాట్లతోనే వదిలి ఉంటే ఆ మే మధ్యాహ్నం కూడా 86 దాటేది కాదు.

డిసెంబరుకూ మే నెలకూ మధ్య వచ్చిన తేడా పద్దెనిమిది డిగ్రీలు. రెండు ప్రోగ్రాముల మధ్య మూడు డిగ్రీల తేడా గురించి గంటల తరబడి వాదించుకునేవారు ఈ పద్దెనిమిదిని లెక్కలోకి తీసుకోకపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. విదేశీ సమీక్షలలో కూలర్లను సాధారణంగా 20 డిగ్రీల ప్రాంతపు గదిలో పరీక్షిస్తారు. అక్కడి ఫలితానికి మన గది తేడాను కలుపుకోకుండా చదివితే ఆశాభంగం తప్పదు. మన దగ్గరే ఏసీ ఉన్న దుకాణంలో గంటసేపు నడిపి ‘పాస్’ అనిపించుకున్న యంత్రం ఇంటికొచ్చాక కాగిపోవడానికి కూడా ఇదే కారణం. పైగా క్యాబినెట్ లోపలి గాలి గది గాలికంటే వేడిగా ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డు పనిచేస్తున్నప్పుడు మరీను. కొలవవలసింది కూలర్ ఫ్యాన్ ముందున్న గాలిని.

గదిలో పెట్టుకునే ఎడారి కూలర్ సంగతి తరచూ అడుగుతారు. ఏప్రిల్, మే నెలల పొడి గాలిలో అది గదిని బాగానే చల్లబరుస్తుంది. ప్రాసెసర్ ఎప్పుడూ గాలికన్నా వేడిగానే ఉంటుంది కనుక దాని మీద తేమ పేరుకోదు. అయితే తడి గాలిలో దుమ్ము రెక్కలకు అట్టకడుతుంది కాబట్టి తడకల నుంచి వచ్చే ధార నేరుగా క్యాబినెట్ మీదికి తగలకుండా చూసుకోవాలి. ఊరి ఎత్తు వల్ల గాలి సముద్రతీరంతో పోలిస్తే సుమారు 5 శాతం పలుచన; ఆ ప్రభావం ఉన్నా, నెలల తరబడి తుడవని దుమ్ము ముందు అది లెక్కలోకి రాదు.

అంకెను అంకెతో సరిచూడడం

సెన్సర్‌ను పూర్తిగా నమ్మలేకపోయినా, అది తనకు తాను పొంతనగా మాట్లాడుతోందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రాత్రంతా ఆపి ఉంచిన కంప్యూటరును ఉదయం ఆన్ చేసి, చూపిన మొదటి ఉష్ణోగ్రతను గది థర్మామీటరుతో పోల్చాలి. గదికన్నా తక్కువ చూపితే కింది అంకెలను ఇక పట్టించుకోనవసరం లేదు. బయోస్ (కంప్యూటరు ఆన్ కాగానే నడిచే సెట్టింగుల ప్రోగ్రాము) తెరలో కనబడేది విండోస్‌లో ఖాళీగా ఉన్నప్పటికంటే ఎక్కువ ఉంటే కంగారు వద్దు, బయోస్‌లో ఉన్నంతసేపూ ప్రాసెసర్ సాధారణంగా విశ్రాంతి స్థితుల్లోకి వెళ్లదు.

తర్వాత ఫ్యాన్ల వేగాన్ని ఒకచోట స్థిరపరచి, రెండు వేర్వేరు భారాల కింద నడపాలి. మన ఉదాహరణలో 75 వాట్ల దగ్గర పెరుగుదల 24, 150 దగ్గర 48 రావాలి. వాట్లు రెట్టింపయినా పెరుగుదల పదో పన్నెండో డిగ్రీలే పెరిగితే సెన్సర్ వాలు (వేడి పెరిగినప్పుడు అంకె పెరిగే చొప్పు) తప్పుగా ఉందని, లేదా వాట్ల అంకె తప్పని అర్థం. రెండో అనుమానం ఉత్తుత్తిది కాదు. రైజెన్ ప్రాసెసర్ తాను తీసుకునే కరెంటు సమాచారం కోసం మదర్‌బోర్డు మీద ఆధారపడుతుంది. కొన్ని బోర్డులు దాన్ని తగ్గించి చెప్పి, ప్రాసెసర్‌ను తనకు తెలియకుండానే పరిమితి దాటించేవి. 2020లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాము ఈ వ్యత్యాసాన్ని శాతంలో చూపడం ప్రారంభించాకే సామాన్య వినియోగదారులకు ఈ సంగతి తెలిసింది. గోడ సాకెట్‌కు పెట్టే చిన్న వాట్‌మీటరు ఉంటే, విద్యుత్ సరఫరా పెట్టెలో పదీ పదిహేను శాతం వృథా పోతుందని గుర్తుంచుకుని, రెండు భారాల మధ్య తేడాను దానితో పోల్చుకోవచ్చు.

అన్నిటికన్నా గట్టి పరీక్ష వేగం తగ్గే క్షణం. ఇంటెల్ చిప్ వేడి వల్ల వేగం తగ్గించుకుంటే ఆ సంగతిని ఒక ప్రత్యేక బిట్‌తో నమోదు చేస్తుంది, పర్యవేక్షక ప్రోగ్రాములు దాన్ని ‘థర్మల్ థ్రాట్లింగ్: అవును’ అని చూపుతాయి. ఆ క్షణంలో తెర మీది అంకె టీజే మ్యాక్స్‌కు సమానంగా ఉండాలి. చిప్ పరిమితి 100 అయి, తెర 90 చూపుతుండగానే ఆ సూచన వెలిగితే ప్రోగ్రాము తీసివేతలో పది డిగ్రీల పొరపాటు ఉందన్నమాట. ఒక మినహాయింపు ఉంది: మదర్‌బోర్డు మీది విద్యుత్ నియంత్రణ సర్క్యూట్ కాగిపోయినప్పుడు అది కూడా వేగం తగ్గించమని ప్రాసెసర్‌కు సంకేతం పంపగలదు. బోర్డు మీది ఆ భాగానికి హీట్‌సింక్ లేని చవక మోడళ్లలో ముందు దాన్నే చూడాలి.

ఏ భారం కింద కొలిచారన్నది కూడా ముఖ్యమే. ప్రైమ్95 అనే పరీక్షా ప్రోగ్రాములోని చిన్న ఎఫ్ఎఫ్‌టీ పరీక్ష, ఒకేసారి ఎన్నో లెక్కలు చేయించే ఏవీఎక్స్ సూచనలతో చిప్‌ను ఏ మామూలు పనీ వేడెక్కించనంతగా వేడెక్కిస్తుంది; సినీబెంచ్ అనే పరీక్ష కొంత తక్కువ, ఆటలు ఇంకా తక్కువ. ప్రోగ్రాములు సాధారణంగా ఒకటి రెండు సెకన్లకోసారి చదువుతాయి, చిప్‌లోని వేడి మిల్లీసెకన్లలో మారుతుంది. అందువల్ల గరిష్ఠం అనే గడిలో ఒక్కసారి మెరిసిన 97 కన్నా, అరగంట పరీక్షలో చివరి పది నిమిషాల సగటు ఎక్కువ చెబుతుంది. నీటితో చల్లబరిచే కూలరయితే నీరు వేడెక్కడానికే సమయం పడుతుంది, మొదటి అయిదు నిమిషాల ఫలితాన్ని చూసి ఏమీ తేల్చకూడదు.

పరిమితి దగ్గరే కాపురముండే చిప్‌లు

కొత్త తరాలలో పాత సూత్రాలు కొన్ని పనిచేయవు. 2022లో వచ్చిన రైజెన్ 7000 తరం పైమోడళ్లను 95 డిగ్రీలకు చేరేదాకా వేగం పెంచుకునేలా రూపొందించారు. అదే ఏడాది కోర్ ఐ9 13900కె పూర్తి భారం కింద 253 వాట్ల దాకా తీసుకుని, చాలా కూలర్ల కింద 100 డిగ్రీలను తాకేది. వీటిలో మంచి కూలర్ పెడితే ఉష్ణోగ్రత తగ్గకపోవచ్చు, వేగం పెరుగుతుంది. అంటే తయారీ సంస్థే ఓవర్‌క్లాకింగ్‌లో అధిక భాగాన్ని ముందే చేసి ఇస్తోంది. ఇలాంటి చిప్‌లో ఉష్ణోగ్రతను చూడడం కన్నా, ఆ ఉష్ణోగ్రత దగ్గర నిలబడే క్లాక్ వేగాన్ని చూడాలి. ఈ ఊళ్లో ఏసీ లేని గదిలో వాడేవారికి నా సలహా వోల్టేజీని పెంచమని కాదు, కొద్దికొద్దిగా తగ్గించి చూడమని. వర్గం లెక్క ఇప్పుడు మన పక్షాన పనిచేస్తుంది: వోల్టేజీ 5 శాతం తగ్గితే విద్యుత్తు దాదాపు 10 శాతం తగ్గుతుంది, పరిమితికి దూరం పెరిగి వేగం నిలబడుతుంది.

ఉష్ణోగ్రత అదుపులో ఉంటే అంతా క్షేమమే అనుకోవడం మరో అపోహ. 13వ, 14వ తరం ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఆటలు మధ్యలో ఆగిపోవడం, యంత్రం అస్థిరంగా మారడం పెద్దయెత్తున బయటపడినప్పుడు, 2024లో ఆ సంస్థ కారణాన్ని అధిక వోల్టేజీగా తేల్చి, ఆగస్టు నుంచి వరుసగా మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు విడుదల చేసి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఆ సవరణ బాగుచేయలేదు. 2023లో కొన్ని రైజెన్ 7000ఎక్స్‌3డీ ప్రాసెసర్లు కాలిపోయినప్పుడు ఏఎండీ, బోర్డులు ఇచ్చే ఎస్ఓసీ వోల్టేజీకి (ప్రాసెసర్‌లో కోర్లు కాని భాగాలకు అందేదానికి) 1.3 వోల్టుల హద్దు విధించింది. ఈ రెండు సందర్భాల్లోనూ యజమానులు చాలావరకు ఏ సెట్టింగునూ ముట్టుకోలేదు. వోల్టేజీని చేత్తో పెంచేవారు, తెర మీది 70 డిగ్రీలను చూసి ధైర్యపడకుండా, వోల్టేజీ అంకెను కూడా అంతే శ్రద్ధగా గమనించాలి.

ఇన్ని అనుమానాల మధ్య పని జరగాలంటే పరిమితినే కిందికి దించుకోవడం మంచి ఉపాయం. చాలా ఇంటెల్ బోర్డుల బయోస్‌లో టీజే మ్యాక్స్‌కు ఆఫ్‌సెట్ (అందులోంచి తీసివేసే అంకె) ఇవ్వవచ్చు. 10 అని పెడితే చిప్ 90 దగ్గరే వేగం తగ్గించుకుంటుంది, సెన్సర్ అయిదు డిగ్రీలు తప్పు చెప్పినా నష్టం ఉండదు. రైజెన్ బోర్డుల్లో ఇదే పనికి థర్మల్ థ్రాటిల్ లిమిట్ అనే సెట్టింగు ఉంటుంది. మార్చిన తర్వాత ఒకసారి పూర్తి భారం పెట్టి, వేగం ఏ అంకె దగ్గర తగ్గుతోందో చూసుకోవాలి, ఎందుకంటే కొన్ని ప్రోగ్రాములు ఆఫ్‌సెట్‌ను లెక్కించడంలో తడబడతాయి. బయోస్‌లు సాధారణంగా ఒకటికి మించి ప్రొఫైళ్లను (సెట్టింగుల కట్టలను) భద్రపరచుకోనిస్తాయి కాబట్టి ఉగాదికి ఒకటి, దీపావళికి ఒకటి మార్చుకుంటే సరిపోతుంది. వేసవి ప్రొఫైలును మాత్రం మే మధ్యాహ్నమే, ఏసీ ఆపి, క్యాబినెట్ తలుపు మూసి పరీక్షించాలి; పరీక్ష ఫలితం పక్కన గది ఉష్ణోగ్రతను, వాట్లను, ఫ్యాన్ వేగాన్ని రాసి పెట్టుకోవాలి, ఆ మూడూ లేకుండా రాసుకున్న 88 డిగ్రీలు మరుసటి ఏడాది దేనితోనూ పోల్చడానికి పనికిరావు.